అప్పు కాగితంలో ఉంది, పొలం కాగితంలో లేదు

(మహిళా రైతుల సభలో, ఆహ్వానం మీద వచ్చిన శాసనసభ్యుల సమక్షంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీ గారికి మరోసారి నమస్కారం. లగ్గాల సీజన్‌లో ఆదివారం పూట మీరు ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదని మాకు తెలుసు. శాలువాలు కప్పలేదని ఏమనుకోకండి. ఆ డబ్బుతో మావాళ్ళు జిరాక్సులు తీయించారు. కాసేపట్లో మీ చేతికొస్తాయి. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "మహిళలు, కుటుంబం, చట్టసభల బాధ్యత". దీని కింద ఏదైనా మాట్లాడొచ్చు. బెల్టు షాపులతో మొదలుపెడితే అక్కడే పొద్దుగూకుతుంది. అంగన్‌వాడీ టీచర్ల జీతాల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. భర్త ఆత్మహత్య చేసుకున్నాక అప్పులతో, పిల్లలతో మిగిలిపోయిన కౌలు రైతు భార్య. ఆమె కూడా ఆ చేలో భర్తతో సమానంగా పనిచేసింది. మరి ఆమెను ప్రభుత్వం ఏమని గుర్తిస్తున్నది? రైతు అనా, రైతు భార్య అనా? ఇవాళ్టికైతే రెండూ కాదు. ఆసరా పింఛను జాబితాలో వితంతువు. నెలకు 2,016 రూపాయలు. అక్కడితో సరి.

ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరి పేరు చెప్పను, ఆ చెల్లె ఈ హాల్లోనే కూచుంది, ఆమెకు ఇష్టం లేదు. మామ పేరు మీద 30 గుంటల పొలం. దాంతో పొట్ట గడవదు కాబట్టి భర్త ఐదెకరాలు కౌలుకు పట్టాడు. పత్తి వేశారు. కౌలు డబ్బు ఉగాదికే ముందుగా కట్టాలి. ఆ డబ్బు ఎక్కడిది? ఆమె మహిళా సంఘంలో తీసుకున్న అప్పు. విత్తనాలకు, మందుకట్టలకు? ఊళ్ళో వారం వారం వచ్చే ఫైనాన్స్ వాళ్ళ దగ్గర మళ్ళీ ఆమె పేరు మీదే ఇంకో అప్పు. అవి చాలక షావుకారు దగ్గర మూడు రూపాయల మిత్తికి నోటు. ఆ నోటు మీద మాత్రం భర్త సంతకం. సాక్షి సంతకం ఆమెది.

ఆయన పోయిన తర్వాత అధికారులు విచారణకు వచ్చారు. మీకు తెలియంది కాదు, 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం రైతు ఆత్మహత్య జరిగితే మండలంలో తహశీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి చూడాలి. ఆ తర్వాత డివిజన్ స్థాయిలో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి తేల్చాలి. దాన్నే మనం త్రిసభ్య కమిటీ అంటాం. రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం లక్షన్నర రూపాయలతో మొదలుపెట్టింది. తెలంగాణ వచ్చాక 2015లో దాన్ని ఆరు లక్షలు చేశారు, ఐదు కుటుంబానికి, ఒకటి అప్పుల పరిష్కారానికి. జీవో మంచిదే. జీవో మీద నాకేం కోపం లేదు.

ఆ రోజు ఇంటి ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. మూడోది పక్కింటి నుంచి తెచ్చారు. ఈ చెల్లె గడపలో నిలబడింది. నేను గోడ పక్కన ఉన్నాను. మొదటి ప్రశ్న: "కౌలు కాగితం ఉందామ్మా?" లేదు, నోటిమాట. భూమి ఆసామికి ఫోన్ కలిపారు. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. "నేనెవరికీ కౌలుకివ్వలేదు సార్, నేనే మనుషుల్ని పెట్టి చేయించుకుంటున్న" అన్నాడు. ఎందుకన్నాడో అందరికీ తెలుసు. ఎకరానికి ఇంత అని సర్కారు ఇచ్చే పైసలు ఆయన ఖాతాలో పడుతున్నాయి. కౌలుకిచ్చానంటే ఆ డబ్బు ఆగిపోతుందని ఆయన భయం. రెండో ప్రశ్న: "అప్పు కాగితాలు చూపించు." షావుకారు నోటు షావుకారు దగ్గరే ఉంటుంది గదా, ఈమె ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఫర్టిలైజర్ షాపు తెల్ల చిట్టీలు ఇచ్చింది. వాటి మీద ముద్ర లేదు. సంఘం పుస్తకం, ఫైనాన్స్ వాళ్ళ కార్డు ఇచ్చింది. "ఇవి నీ పేరు మీదున్నాయి, ఇవి మహిళా సంఘం అప్పులు, వ్యవసాయ అప్పులు కావు" అన్నారు. మూడో ప్రశ్న అడగకుంటే బాగుండని మొక్కుకున్నాను, అడిగారు: "తాగేవాడా? ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా?" గడపలో అత్త ఉంది, ఆడబిడ్డ ఉంది, పన్నెండేళ్ళ కొడుకు ఉన్నాడు.

ఫైలు వెనక్కి వచ్చింది. కౌలు రుజువు కాలేదు, కారణాలు వ్యక్తిగతం.

ఇక్కడ ఒకటి గమనించండి. ఇంట్లోకి అప్పు తేవాల్సి వచ్చినప్పుడు ప్రతి కాగితం మీద ఆమె పేరుంది. సంఘం తీర్మానంలో ఉంది, ఫైనాన్స్ కార్డు మీద ఫొటోతో సహా ఉంది, నోటు మీద సాక్షిగా ఉంది. పొలానికి సంబంధించిన ఒక్క కాగితం మీద లేదు. పట్టా ఆసామిది, సొంత గుంటలు మామవి. కిస్తీ కట్టకపోతే మాత్రం ఆమెను వెతుక్కుంటూ సరాసరి ఇంటికే వస్తారు.

ఇదేదో ఒక్క ఇంటి గ్రహచారం అనుకోకండి. 2018లో రైతు స్వరాజ్య వేదిక వాళ్ళు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ళు కలిసి తెలంగాణలో దాదాపు 700 ఆత్మహత్య కుటుంబాలను కలిశారు. నాలుగింట మూడొంతుల ఇళ్ళు కౌలు రైతులవే. సరిగ్గా అదే ఏడాది ఆగస్టు 15 నుంచి రైతు బీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, విచారణ లేదు, కుర్చీలు వేయనక్కర్లేదు. చాలా మంచి పథకం అని నేను బహిరంగంగానే అంటాను. పట్టాదారు పాస్‌బుక్కు ఉండాలి, అంతే షరతు. ఆ ఒక్క షరతుతో సొంత పాస్‌బుక్కు లేని కౌలు రైతుల ఇళ్ళు బయట నిలబడ్డాయి. పైగా బీమా వచ్చింది కదా అని పాత జీవో కింద ఫైళ్ళు కదలడం మేం తిరిగిన ఊళ్ళలో దాదాపు ఆగిపోయింది.

కౌలు సంగతి మునుపు కాగితం మీదే ఉండేది. పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, పాత పహాణీలో, అంటే ఊరి సాగు రికార్డులో, పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో రాసేవాళ్ళు. మన దగ్గర దాన్నే కాస్తు కాలం అంటారు. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి ధరణి పోర్టల్ దాకా వచ్చేసరికి ఆ కాలమే ఎత్తేశారు. కౌలు అనేది ఆసామికీ కౌలుదారుకీ మధ్య ప్రైవేటు వ్యవహారం, సర్కారుకు సంబంధం లేదన్నారు. 2023 ఎన్నికల్లో ఇప్పటి అధికార పార్టీ రైతులకే గాక కౌలు రైతులకు కూడా ఏటా ఎకరానికి 15 వేలు ఇస్తామని గ్యారంటీ కార్డు మీద అచ్చు వేసి ఇంటింటికీ పంచింది. 2025 జనవరిలో అది రైతు భరోసా పేరుతో పట్టాదారులకు ఎకరానికి ఏటా 12 వేలుగా మొదలైంది. భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు వేరే పథకం వచ్చింది. మధ్యలో కౌలు రైతు ఏడి? కొంచెం సొంత భూమి ఉంది కాబట్టి కూలీ కాదు, దున్నే భూమి తనది కాదు కాబట్టి ఆ ఎకరాలకు రైతూ కాదు. ఆ పార్టీ, ఈ పార్టీ అని నేను లెక్క తీయడానికి రాలేదు. ఇద్దరూ వేదిక మీదున్నారు, ఇద్దరికీ సమానంగానే అంటున్నాను. (చప్పట్లు)

ఐలమ్మ పేరు ఎత్తకుండా మన దగ్గర ఏ సభా జరగదు. జయంతికి దండ వేస్తాం, వర్ధంతికి దండ వేస్తాం. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం. పాలకుర్తి ఐలమ్మ ఎవరు? కౌలు రైతు. మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమి అది. ఆ పంటనే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళతో కలిసి ఎదిరించి గింజలు ఇంటికి చేర్చుకుంది. ఇవాళ ఆమె బతికుండి అదే భూమి చేస్తుంటే రైతు భరోసా దొరకు పడుతుంది. రైతు బీమా కూడా దొరకే ఉంటుంది. వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు తీసుకుపోతే పట్టా ఎవరిదని అడుగుతారు. విగ్రహాలకు దండలు వేసేటప్పుడు ఈ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి అన్నా.

(వేదిక మీద నుంచి ఒక ఎమ్మెల్యే: "కౌలు రాయించుకుంటే భూమి పోతదని ఆసాములు భయపడ్తరు కదమ్మా.")

మంచి మాట అడిగారు. ఆ భయం ఒట్టిదేమీ కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చాయి, భూమికి యజమానులను చేసే 38-ఈ సర్టిఫికెట్లు వచ్చాయి, ఆ కేసులు తాతల నుంచి మనవల దాకా నడుస్తున్నాయి. అందుకే ఆసామి కాగితం అంటేనే ఉలిక్కిపడతాడు. ఇంకో సంగతి, ఆసాములంతా దొరలేం కాదు. మగదిక్కు లేక కౌలుకిచ్చుకునే ఆడవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ళ భూమి పోవాలని నేనెందుకంటాను?

కానీ 2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభే ఈ చిక్కుకు దారి చూపింది. భూ అధీకృత సాగుదారుల చట్టం. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటాడు, గ్రామసభలో విచారిస్తారు, ఒక్క ఏడాదికి రుణ అర్హత కార్డు ఇస్తారు. ఏడాది దాటితే కార్డు చెల్లదు. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. ఊళ్ళో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊరికి తెలుసు, హైదరాబాద్‌కు ఫోన్ చేసి అడగాల్సిన పనేముంది? ఆ చట్టం తెలంగాణలో ఇవాళ్టికీ రద్దు కాలేదు. అమలు మాత్రం మర్చిపోయారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, 11 నెలల ఒప్పందం, ఆసామి సంతకం కావాలన్నారు. సంతకం దగ్గరే బండి ఆగిపోయిందని అక్కడి కౌలు రైతులు మొత్తుకుంటున్నారు. పరిహారం అక్కడ ఏడు లక్షలు, మనకంటే ఎక్కువే. కాగితం లేకపోతే ఏడైనా ఆరైనా ఒకటే.

సొంత భూమి ఉన్న ఇంట్లో ఆడమనిషికి అంతా బాగుందా అంటే, అక్కడ ఇంకో కథ. విరాసత్, అంటే పోయినవాళ్ళ భూమిని వారసుల పేరు మీదికి మార్చడం. భర్త పోతే భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టం చెప్తుంది. 2020 రెవెన్యూ చట్టం వచ్చాక వారసులందరూ కలిసి ఒప్పుకొని కాగితం ఇస్తే తప్ప విరాసత్ ముందుకు సాగలేదు. అత్త వేలిముద్ర వేయనంటే అంతే. అత్త వెనక మరిది ఉంటాడు, మరిది వెనక ఊరి పెద్దమనిషి ఉంటాడు. భూభారతి చట్టంలో తహశీల్దారు విచారణ చేసి మ్యుటేషన్ చేయాలని పెట్టారు, అది నయం. ఆ విచారణ నోటీసు కోడలి చేతికి కూడా అందేటట్టు చూడండి. పుట్టింటికి పోయిన కోడలికి నోటీసు అత్తగారింటి చిరునామాకు వెళ్తుంది.

కూతుళ్ళ సంగతి చెప్పాలంటే, దేశమంతా 2005లో ఇచ్చిన హక్కును మన ఉమ్మడి రాష్ట్రం ఎన్టీఆర్ హయాంలోనే, 1985 సెప్టెంబరు నుంచే పెళ్ళికాని ఆడపిల్లలకు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు ముందున్నాం. పసుపు కుంకుమ కింద చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద చెల్లెళ్ళతో సంతకం చేయించుకోవడంలోనూ మనమే ముందున్నాం. (నవ్వులు) నవ్వకండమ్మా, మీలో ఎంతమంది పెట్టారు సంతకం? చేతులెత్తండి. చూడండి సార్, ముందు వరుసలోనే సగం చేతులు.

ఆడమనిషే ఆత్మహత్య చేసుకుంటే? ఎఫ్ఐఆర్‌లో వృత్తి దగ్గర ఏం రాస్తారో అడగండి. గృహిణి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్ళలో సగానికి పైగా ఆ ఒక్క మాట కిందే ఉన్నారు. నాట్లేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది, అప్పు ఆమె పేరు మీదుంది, కానీ పట్టా లేదు కాబట్టి రైతు ఆత్మహత్యల పట్టికలోకి రాదు. ఎస్సైకి దురుద్దేశం ఉందని నేననను. అడగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చట్టసభ తలుచుకుంటే ఏం చేయగలదో మనం చూడకపోలేదు. 2010లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు ఇళ్ళ ముందు కూచొని ఆడవాళ్ళను అవమానించి, ప్రాణాల మీదికి తెచ్చారు. అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, మరుసటి ఏడాదికి చట్టమైంది. జిల్లాలో రిజిస్టరు కాకుండా అప్పులివ్వొద్దన్నారు, ఇంటి ముందు కూచొని వసూలు చేయొద్దన్నారు. ఎంత వేగంగా చేశారో గుర్తుంది కదా? 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పునిచ్చింది. కోర్టు తీర్పు, గౌరవిద్దాం. కానీ ఆ తర్వాత మళ్ళీ వారం కిస్తీల వాళ్ళు ఊళ్ళలోకి వచ్చారు, శాసనసభలో దాని మీద ఒక పూట చర్చ జరిగినట్టు కూడా మేం వినలేదు. చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్ళ అప్పుల కోసం 2016లో రుణ విముక్తి కమిషన్ చట్టం కూడా మనం చేసుకున్నాం. దానికి అర్జీ పెట్టుకున్నవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఒక్కరు. ఆ అక్క యూనియన్ నాయకురాలు. (నవ్వులు)

మమ్మల్ని కొందరు ఓపిక పట్టమంటున్నారు. మహిళా రిజర్వేషన్ చట్టం 2023 సెప్టెంబరులో పార్లమెంటు దాటింది, మీవాళ్ళే వచ్చి మీ గోడు చెప్పుకుంటారు అంటున్నారు. జనగణన కావాలి, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన కావాలి, అప్పుడు గదా. 2023లో ఈ రాష్ట్రంలో 119 మందిలో గెలిచిన ఆడవాళ్ళు పది మంది. ఆ పది మందికి దండం పెడతాం. మిగతా 109 మంది ఇళ్ళలో కూడా తల్లులు, అక్కచెల్లెళ్ళు ఉన్నారు కాబట్టి వాళ్ళనూ అడుగుతాం. వచ్చే పంటకు కౌలు ఉగాదికే కట్టాలి, అది పునర్విభజన కోసం ఆగదు.

జిరాక్సులు పంచండమ్మా. సార్, మీ చేతిలో ఉన్న మొదటి కాగితం శాసనసభలో వేయాల్సిన ప్రశ్న. నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేస్తే మంత్రి గారు నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు మీరు అడగొచ్చు. చదువుతాను: "2018 నుంచి ఇప్పటివరకు జిల్లాల వారీగా రైతు ఆత్మహత్యలుగా అందిన దరఖాస్తులెన్ని, త్రిసభ్య కమిటీ ఇంటికి వెళ్ళి విచారించినవెన్ని, తిరస్కరించినవెన్ని, తిరస్కరణకు కారణాలేమిటి, అందులో కౌలు రుజువు కాలేదన్నవి ఎన్ని, చనిపోయినది మహిళ అయిన కేసులెన్ని?" ఇంతే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, పార్టీ అనుమతి కూడా అక్కర్లేదనుకుంటాను. అధికార పక్షంలో ఉన్నవాళ్ళు వేస్తే ఇంకా మంచిది, జవాబు తొందరగా వస్తుంది.

రెండో కాగితం మీ నియోజకవర్గానికి సంబంధించింది. 2011 చట్టం కింద మే నెలలో, వానలు పడకముందే, ప్రతి ఊళ్ళో గ్రామసభ పెట్టి కౌలుదారుల పేర్లు రాయమని కలెక్టరుకు మీరు ఉత్తరం రాయాలి. రాసేటప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. ఈ ఒక్క ముక్క మీద మేం పట్టుబడతాం. ఇద్దరి పేర్లుంటే, రేపు ఏ కష్టమొచ్చినా ఆమె కౌలు రుజువు కోసం ఆసామి ఫోన్ కోసం కాచుకోనక్కర్లేదు. సర్పంచుల్లో సగం మంది ఆడవాళ్ళే, సభ నడిపేది వాళ్ళే. సర్పంచి భర్తలు కాదు, వాళ్ళే. ఆసామి వచ్చి అభ్యంతరం చెప్తే సభలో అందరి ముందూ చెప్పనివ్వండి, అదీ రాయండి.

మూడో కాగితం చిన్నది. సంఘం అప్పును, ఆడవాళ్ళ పేరు మీదున్న ఫైనాన్స్ అప్పును వ్యవసాయ అప్పు కింద లెక్కించమని త్రిసభ్య కమిటీలకు ఒక మెమో ఇస్తే చాలు. దానికి కొత్త చట్టం కావాలా? రెవెన్యూ కార్యదర్శి సంతకం చాలు. ఇలాంటి దానికి కూడా ఆడవాళ్ళు సభ పెట్టుకోవాల్సి రావడం నాకు సిగ్గుగానే ఉంది, మీకూ ఉండాలి.

వేదిక మీద ఆరుగురున్నారు. కాగితాల కింద సంతకానికి జాగా వదిలాం. చదివి, ఆలోచించి, వారంలో చెప్పండి, బలవంతం లేదు. ఎవరు సంతకం పెట్టారో, ఎవరు పెట్టలేదో మండలాల్లో మా సంఘాల మీటింగుల్లో చదువుతాం, అది ముందే చెప్తున్నాను, తర్వాత చెప్పలేదనకండి. (చప్పట్లు)

అమ్మా, ఇంకో మాట, భోజనాలకు లేవకముందు. పక్క గదిలో ఇద్దరు వకీళ్ళు కూచున్నారు. విరాసత్ ఆగిపోయినవాళ్ళు, త్రిసభ్య కమిటీ తిరస్కరించినవాళ్ళు డెత్ సర్టిఫికెట్, ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ ఏది ఉంటే అది పట్టుకొని వెళ్ళండి. ఏమీ తేనివాళ్ళు కూడా వెళ్ళండి, వివరాలు రాసుకుంటారు. దూరం ఊళ్ళవాళ్ళను ముందు పంపండి, వాళ్ళకు నాలుగింటి బస్సు పోతే మళ్ళీ బస్సు లేదు.